ఏడో క్యావిటీ, ఎనిమిదో క్యావిటీ: ఒక ట్రాన్స్‌ఫర్ మౌల్డింగ్ కేసు

ఈ కేసులో పార్ట్ చూడటానికి మామూలుదే. 50 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న నల్లటి ఎపాక్సీ దిమ్మ. లోపల నైలాన్ బాబిన్ మీద చుట్టిన రాగి కాయిల్ ఉంటుంది. ఒక పక్క నుంచి రెండు ఇత్తడి టెర్మినల్స్ బయటికి వస్తాయి. కాయిల్ నుంచి టెర్మినల్ దాకా వెళ్ళే తీగ 0.1 మి.మీ. మందం, మీద ఎనామిల్ పూత. కస్టమర్ పెట్టిన షరతులు రెండే: దిమ్మలో గాలి బుడగ ఉండకూడదు, ఆ తీగ తెగకూడదు. ఈ రెండు షరతులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయని మాకు అర్థం కావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో ఏం చేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో వరసగా రాస్తున్నాను. ఇలా లోపల ఇన్సర్ట్ (ముందే అచ్చులో అమర్చే కాయిల్ లాంటి ముక్క) ఉన్న పార్ట్‌లు పోసేవాళ్ళకి పనికొస్తుందని నమ్మకం.

మొదట కంప్రెషన్ మౌల్డింగ్‌లోనే ప్రయత్నించాం. మా దగ్గర ఆ ప్రెస్‌లు ఉన్నాయి, అచ్చు ఖర్చు కూడా తక్కువ. కానీ అందులో మెటీరియల్‌ని నేరుగా తెరిచిన అచ్చులోనే వేస్తాం, అచ్చు మూసుకుంటూ దాన్ని నొక్కుతుంది. ఆ క్షణానికి మెటీరియల్ ఇంకా సగం మెత్తబడిన ముద్ద. ఆ ముద్ద బరువంతా ముందు కాయిల్ మీద పడుతుంది. పోసినవాటిలో సగానికి పైగా తీగలు తెగిపోయాయి, కొన్నింట్లో బాబిన్ పక్కకి ఒరిగింది. రెండు రోజుల్లోనే ఆ దారి వదిలేశాం.

ట్రాన్స్‌ఫర్ మౌల్డింగ్‌లో తేడా ఏమిటంటే, అచ్చు ముందే మూసుకుని ఉంటుంది. కాయిల్ లోపల తన చోట తాను కూర్చుని ఉంటుంది. మెటీరియల్ ఇంకోచోట, పాట్ అనే గుండ్రటి గదిలో, వేడికి కరుగుతుంది. ప్లంజర్ దాన్ని నెడితే రన్నర్ అనే కాలవల గుండా పారి, గేట్ అనే సన్నని నోటిలోంచి క్యావిటీలోకి, అంటే పార్ట్ ఆకారంలో తొలిచిన గుంటలోకి, వస్తుంది. వచ్చేటప్పటికి అది పల్చటి ద్రవం. అందుకే సున్నితమైన ఇన్సర్ట్‌లు ఉన్న పార్ట్‌లకి ఈ పద్ధతి వాడతారు. జుట్టు కంటే సన్నని బంగారు తీగలున్న ఐసీ చిప్‌లకి నల్లటి తొడుగు పోసేది కూడా ఎక్కువగా ఇలాగే.

మా సెటప్ చెప్తాను. 8 క్యావిటీల అచ్చు. నడుమ పాట్, దాని నుంచి రెండు వైపులా రన్నర్. పాట్‌కి దగ్గరగా 1 నుంచి 4 క్యావిటీలు, దూరంగా 5 నుంచి 8. రన్నర్ చివరి కొసల్లో 7, 8. అచ్చు ఉష్ణోగ్రత 175 డిగ్రీలు. ప్లంజర్ వ్యాసం 50 మి.మీ. ఒక షాట్‌కి, అంటే అచ్చుని ఒకసారి నింపడానికి, 230 గ్రాముల ఎపాక్సీ కాంపౌండ్ కావాలి, అది పొడిని నొక్కి చేసిన నాలుగు పెల్లెట్లు. వాటిని హై ఫ్రీక్వెన్సీ ప్రీహీటర్‌లో 90 డిగ్రీల దాకా వేడి చేసి పాట్‌లో వేస్తాం. నింపడానికి 12 సెకన్లు, క్యూర్ కావడానికి, అంటే వేడికి గట్టిపడటానికి, 2 నిమిషాలు. షాట్ అయ్యాక పాట్‌లో ప్లంజర్ ముందు బిళ్ళలా ఒక గట్టి ముక్క మిగులుతుంది, దాన్ని కల్ అంటాం. కల్, రన్నర్ రెండూ స్క్రాప్‌లోకే. ఇది థర్మోసెట్ కాబట్టి ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగదు. 1907లో లియో బేక్‌లాండ్ చేసిన బేకలైట్ నుంచి ఇప్పటి ఎపాక్సీల దాకా ఈ కుటుంబమంతటిదీ అదే స్వభావం. థర్మోప్లాస్టిక్ (వేడి చేసినప్పుడల్లా కరిగే ప్లాస్టిక్) అలవాటున్నవాళ్ళు 'రన్నర్ గ్రైండ్ చేసి మళ్ళీ వేసేయొచ్చుగా' అని అడుగుతుంటారు. కుదరదు.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. ఈ మెటీరియల్ వేడి గోడని తాకగానే ముందు పల్చబడుతుంది. అదే వేడి లోపల అణువుల్ని ఒకదానికొకటి ముడివేయడం కూడా మొదలుపెడుతుంది. కాసేపు పల్చబడటానిది పైచేయి, తర్వాత గట్టిపడటానిది. మధ్యలో పల్చగా ఉండే ఆ కొద్ది సెకన్లలోనే మన పనంతా జరగాలి. మా కాంపౌండ్ 175 డిగ్రీల హాట్ ప్లేట్ మీద 35 సెకన్లకి జెల్ అవుతుంది, అంటే పారడం ఆగి గడ్డకడుతుంది. కానీ పారడానికి మనకి దొరికేది అందులో సగమే అనుకోవాలి, ఎందుకంటే జెల్ కాకముందే అది చిక్కబడిపోతుంది. ప్లంజర్ కదలడం మొదలైన 18 సెకన్లలోపు నింపడం అయిపోవాలని మేము గీత గీసుకున్నాం.

మొదటి వారం

మొదటి వారంలో 1,200 పార్ట్‌లు పోశాం. 174 రిజెక్ట్ అయ్యాయి. హైవోల్టేజ్ టెస్ట్‌లో ఇన్సులేషన్ పోయినవి కొన్ని, తీగ తెగి ఓపెన్ చూపించినవి కొన్ని. ప్రతి పార్ట్ మీద క్యావిటీ నంబర్ అచ్చులోనే పడుతుంది కాబట్టి విడదీయడం తేలికైంది. 174లో 121 ఏడు, ఎనిమిది క్యావిటీలవే.

రంపంతో అడ్డంగా కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది చూశాం. ఏడో నంబర్ పార్ట్‌లలో కాయిల్ పైముఖం మీద, దాదాపు మధ్యలో, అగ్గిపుల్ల తలంత ఖాళీ. దాని అంచులు గరుకుగా, ప్రవాహం గీతలు పడినట్టు ఉన్నాయి. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు, పైన పల్చటి తోలులా ఎపాక్సీ కప్పేసి ఉంది.

అప్పుడు నేను చేసిన తప్పు ఇది: ప్రెషర్ పెంచాను. ఖాళీ ఉందంటే నిండలేదు, నిండలేదంటే ఇంకాస్త గట్టిగా నెట్టాలి అనుకున్నాను. పాట్ దగ్గర 80 బార్ ఉన్నదాన్ని 110కి తీసుకెళ్ళాం. మొదటి పూట కొంచెం మెరుగైనట్టు కనిపించింది. మర్నాటికి మొదటికంటే దిగజారింది.

ఎందుకో లెక్క వేస్తే తెలిసింది. ఒక్కో క్యావిటీ పైనుంచి చూస్తే 20 చదరపు సెంటీమీటర్లు. ఎనిమిదికీ 160. రన్నర్, పాట్ కలిపి ఇంకో 50. మొత్తం 210 చదరపు సెంటీమీటర్ల మీద 80 బార్ పనిచేస్తే అచ్చుని విడదీయడానికి సుమారు 17 టన్నుల బలం. 110 బార్ అయితే 23 టన్నులు దాటుతుంది. మా ప్రెస్ మూసి పట్టుకునే బలం 25 టన్నులు. కాగితం మీద ఇంకా మిగులు ఉంది. కానీ ప్లేట్‌లు కొద్దిగా వంగుతాయి, అచ్చు ముఖాలు అరుగుతాయి. ఆ కొద్ది సందు చాలు, నీళ్ళలా పల్చబడ్డ ఎపాక్సీకి. అచ్చు కలిసే గీత వెంట ఫ్లాష్, అంటే బయటికి కారి గట్టిపడ్డ పల్చటి రెక్క, వచ్చింది. అంతకంటే నష్టం చేసింది ఇంకొకటి: గాలి పోవడానికి గీసిన 0.03 మి.మీ. లోతు వెంట్‌లలోకి కూడా మెటీరియల్ దూరి అక్కడే గట్టిపడింది. అంటే గాలి పోయే దారిని మేమే మూసేశాం. రెండో రోజు బుడగలు పెరగడానికి కారణం అదే.

ఇక్కడే ఒక పక్కమాట. పాత రకం ప్రెస్‌లలో విడి ప్లంజర్ సిలిండర్ ఉండదు. అచ్చు మూసే బలమే పాట్‌లో మెటీరియల్‌ని నెడుతుంది. వాటిలో పాట్ విస్తీర్ణం క్యావిటీలు, రన్నర్ల మొత్తం విస్తీర్ణం కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువ ఉండేలా డిజైన్ చేస్తారు. అప్పుడు ప్రెషర్ ఎంత పెంచినా అచ్చుని మూసే బలమే ఎప్పుడూ పైచేయిగా ఉంటుంది. మాలా విడి ప్లంజర్ ఉన్న ప్రెస్‌లో ఆ రక్షణ లేదు. రెండు బలాలూ వేరువేరు, కాబట్టి లెక్క మనమే చూసుకోవాలి. ప్రెషర్ నాబ్ మీద చెయ్యి వేసే ముందు ఈ లెక్క చూసుకోకపోవడం పూర్తిగా నా పొరపాటు.

నిండకుండా పోసి చూడటం

ప్రెషర్ మళ్ళీ 80కి దించి, వెంట్‌లు ఇత్తడి పుల్లతో శుభ్రం చేసి, ఈసారి షార్ట్ షాట్ ట్రయల్ పెట్టాం. కావాలని తక్కువ మెటీరియల్ వేసి, క్యావిటీ సగంలో ఆగిపోయిన పార్ట్‌లు తీయడం అన్నమాట. 40 శాతం, 60, 80, 95. తెగిన కాయిల్స్ ఎలాగూ కుప్పలుగా ఉన్నాయి, వాటినే ఇన్సర్ట్‌లుగా వాడాం.

ఇందులో జాగ్రత్త ఒకటుంది. తక్కువ మెటీరియల్ ప్రీహీటర్‌లో తొందరగా వేడెక్కుతుంది. అదే టైమర్ సెట్టింగ్‌తో వేడి చేస్తే 90కి బదులు 110 దాటిపోవచ్చు, అప్పుడు చూసేది అసలు ప్రవాహం కాదు. ప్రతి షాట్‌కీ పెల్లెట్ మధ్యలో సూది థర్మోకపుల్ గుచ్చి, 90 వచ్చేదాకా టైమర్ సరిచేసుకుంటూ వెళ్ళాం. సగం రోజు పట్టింది.

ఆ సాయంత్రం 32 ముక్కల్నీ బల్ల మీద వరసగా పేర్చాం. అడ్డంగా క్యావిటీ నంబర్, నిలువుగా శాతం. నాలుగు వారాలు మేము అచ్చు బయట నిలబడి ఊహించినదంతా అక్కడ కళ్ళముందు కనిపించింది.

40 శాతం వరసలో పాట్ పక్కనున్న 1, 2 క్యావిటీలు అప్పటికే సగం పైగా నిండాయి. 7, 8లో గేట్ దగ్గర నాలుకంత ముక్క మాత్రం లోపలికి వచ్చింది. 60 దగ్గర ఇంకో సంగతి బయటపడింది. కాయిల్ చుట్టూ, కాయిల్‌కీ అచ్చు గోడకీ మధ్య, 4 మి.మీ. సందు ఉంది. కాయిల్ పైముఖం మీద మాత్రం సందు 1.5 మి.మీ. నీరు పల్లమెరుగు అంటారు కదా, మెటీరియల్ కూడా వెడల్పు దారినే పట్టుకుంది. కాయిల్‌కి రెండు పక్కలనుంచీ రెండు చేతులు చాచినట్టు ముందుకు వెళ్ళిపోయింది. పైముఖం మీద మాత్రం నెమ్మదిగా పాకుతోంది. అందులోనూ కాయిల్ చల్లగా ఉంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న అంత రాగి మీదికి వచ్చేసరికి మెటీరియల్ వేడి లాగేసుకుని చిక్కబడుతోంది.

80 శాతం వరస చూసి మా ప్రెస్ ఆపరేటర్ ఏడో నంబర్ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "సార్, వెంట్ దగ్గర అప్పుడే మూసుకుపోయింది చూడండి" అన్నాడు. నిజమే. పక్కలనుంచి వచ్చిన రెండు చేతులూ వెనకవైపు కలుసుకుని, సరిగ్గా వెంట్‌నే కప్పేశాయి. కాయిల్ నడినెత్తిన మాత్రం పెద్ద బొట్టుబిళ్ళంత ఖాళీ. ఆ ఖాళీలోని గాలికి ఇక బయటికి దారి లేదు. 95 శాతం ముక్కలో అదే ఖాళీ నలిగి చిన్నదైంది. పూర్తి షాట్‌లో ఇంకా చిన్నదై అగ్గిపుల్ల తలంత మిగులుతోంది. గాలిని నొక్కితే చిన్నదవుతుంది, మాయమవదు. 110 బార్ కాదు, ఎంత పెట్టినా అది అక్కడే ఉండేది.

వెంట్ పెట్టాల్సింది క్యావిటీ చివర కాదు, చివరగా నిండేచోట. డ్రాయింగ్‌లో ఈ రెండూ ఒకటే అనుకుని గీశాం.

తీగ ఎందుకు తెగుతోంది

బుడగ సంగతి తేలింది, తీగ సంగతి తేలాలి. అదే బల్ల దగ్గర కూర్చుని లెక్క వేశాం.

క్యావిటీలన్నింటికీ కలిపి 104 ఘన సెంటీమీటర్ల మెటీరియల్ 12 సెకన్లలో పోవాలి, అంటే సెకనుకి సుమారు 8.7. ఎనిమిది గేట్‌లూ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 1.1 కంటే తక్కువే. మా గేట్ 4 మి.మీ. వెడల్పు, 0.6 మి.మీ. మందం. ఆ నోట్లోంచి మెటీరియల్ సెకనుకి దాదాపు 45 సెంటీమీటర్ల వేగంతో దూకుతుంది. అదే ఎక్కువ. పైగా గేట్‌లు సమానంగా పంచుకోవట్లేదని షార్ట్ షాట్‌లు చూపించాయి. దగ్గరి క్యావిటీలు ముందు నిండిపోతాయి. ప్లంజర్ మాత్రం అదే వేగంతో వస్తూనే ఉంటుంది. చివరికి 7, 8 మాత్రమే మిగిలినప్పుడు మొత్తం ప్రవాహం ఆ రెండు గేట్‌లలోంచే పోవాలి. లెక్క ప్రకారం సెకనుకి 1.8 మీటర్లు! ప్రెషర్ పరిమితి అడ్డుపడి ప్లంజర్ కాస్త నెమ్మదించి ఉండొచ్చు, అయినా ఆ గేట్‌కి ఎదురుగా ఉన్నది 0.1 మి.మీ. తీగ. మా కాంపౌండ్‌లో ఎక్కువ భాగం సిలికా పొడి కూడాను, అంత వేగంలో అది తీగకి ఇసుక గాలిలాంటిది.

ఎక్కువ ఒత్తిడిని నిందిస్తూ వచ్చాం గానీ, తీగని తెంచింది వేగం.

దీని మీద నాలుగు మార్పులు చేశాం. ఒకేసారి కాదు, ఒక్కోటి చేసి షార్ట్ షాట్ మళ్ళీ తీసి చూస్తూ. దూరపు నాలుగు గేట్‌లని టూల్‌రూమ్‌లో 6 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందానికి పెంచాం. దగ్గరి నాలుగూ పాత కొలతే. ఇప్పుడు దూరపు క్యావిటీలకి దారి విశాలం కాబట్టి ఎనిమిదీ దాదాపు ఒకేసారి నిండుతున్నాయి. అదే ప్రవాహానికి ఆ గేట్‌లలో వేగం సగానికంటే తక్కువైంది. 80 శాతం వరస మళ్ళీ పేర్చినప్పుడు ఎనిమిది ముక్కలూ చిన్నచిన్న తేడాలతో ఒకలాగే కనిపించాయి. ఈ పనిలో నాకు అంత తృప్తినిచ్చిన రోజులు ఎక్కువ లేవు.

రెండోది ప్లంజర్ వేగం. మొత్తం ఒకే వేగం కాకుండా రెండు దశలు చేశాం. మొదటి 17 మి.మీ. కదలిక అంతా పెల్లెట్ల మధ్య సందులు నలగడానికీ, రన్నర్ నిండటానికే సరిపోతుంది. అక్కడ వేగంగా పోనిస్తే నష్టం లేదు, సమయం మిగులుతుంది. మెటీరియల్ గేట్ దాటే ముందు వేగం తగ్గించాం. మొత్తం నింపే సమయం 12 సెకన్ల నుంచి 15 సెకన్లకి పెరిగింది. మేము గీసుకున్న 18 సెకన్ల గీతకి ఇవతలే.

మూడోది వెంట్. కాయిల్ పైముఖం మధ్యకి 6 మి.మీ. దూరంలో అప్పటికే ఒక ఎజెక్టర్ పిన్ (పార్ట్‌ని అచ్చులోంచి బయటికి నెట్టే పుల్ల) ఉంది. ఆ పిన్‌కి రెండు పక్కలా 0.03 మి.మీ. మేర చదును చేసి, గాలికి అక్కడినుంచి దారి ఇచ్చాం. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే, పిన్ ప్రతి షాట్‌కీ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి ఆ సందు తనంతట తాను శుభ్రమవుతూ ఉంటుంది. అచ్చు ముఖం మీద గీసిన వెంట్‌కి ఆ సదుపాయం లేదు, చేత్తో గీకాల్సిందే.

నాలుగోది కాయిల్స్‌ని లోడింగ్ ఫ్రేమ్‌తో సహా 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి వేడిగానే అచ్చులోకి దించడం. పైముఖం మీద మెటీరియల్ చిక్కబడటం తగ్గింది. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది, అది తర్వాత తెలిసింది.

తీగ విషయంలో చుట్టేవాళ్ళు కూడా ఒక సాయం చేశారు. అంతకుముందు కాయిల్ నుంచి టెర్మినల్‌కి తీగని బిగుతుగా లాగి సోల్డర్ చేసేవాళ్ళు. ఇప్పుడు కొద్దిగా వదులు ఉంచి, బాబిన్ అంచున ఉన్న గాడిలోకి దాచి తీసుకెళ్తున్నారు. ప్రవాహం తోసినా తీగకి కదిలే చోటు ఉంది.

మళ్ళీ వచ్చిన బుడగలు

ఇవన్నీ అయ్యాక తర్వాతి 1,200లో రిజెక్ట్‌లు 19కి వచ్చాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ పందొమ్మిదీ నన్ను వదల్లేదు. ఏడు, ఎనిమిది అని లేదు, అన్ని క్యావిటీల్లోనూ చెదురుమదురుగా ఉన్నాయి. కోసి చూస్తే బుడగ రూపం కూడా వేరు. పాతవి గరుకు అంచులతో ఒకేచోట ఉండేవి. ఇవి చిన్నవి, గుండ్రటివి, లోపలి గోడ మెరుస్తోంది, ఎక్కడబడితే అక్కడ ఉన్నాయి. చిక్కుకున్న గాలి ప్రతిసారీ ఒకేచోట దొరుకుతుంది. ఎక్కడబడితే అక్కడ గుండ్రంగా ఉన్నాయంటే లోపలే ఏదో ఆవిరై ఉబ్బింది.

లాట్ బాగోలేదని మెటీరియల్ సప్లయర్‌కి రాద్దామని ఒకరన్నారు. ఆ లాట్ వచ్చినప్పుడు ఏఎస్‌టీఎం డి3123 ప్రమాణం ప్రకారం చేసిన స్పైరల్ ఫ్లో టెస్ట్‌లో (సుడి ఆకారపు కాలవలో మెటీరియల్ ఎంత దూరం పారుతుందో చూసే పరీక్ష) పాత లాట్‌లతో సమానంగానే పారింది. రాసేముందు షిఫ్ట్ రిజిస్టర్ చూద్దామన్నాను. పందొమ్మిదిలో పదహారు వారం మొదటి రోజు ఉదయం, మొదటి రెండు గంటల్లో పోసినవి.

ముందు అందరి చూపూ ఆ పూట ఆపరేటర్ మీద పడింది. అతన్ని పిలిచి అడిగితే, ఏమీ దాచకుండా చెప్పాడు. ఎపాక్సీ కాంపౌండ్‌ని 5 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో ఉంచుతాం, లేకపోతే సంచిలోనే నెమ్మదిగా గట్టిపడుతుంది. వాడటానికి 24 గంటల ముందు సంచి బయటపెట్టి, విప్పకుండా గది ఉష్ణోగ్రతకి రానివ్వాలి. చల్లటి సంచి విప్పితే గాలిలోని తేమ పెల్లెట్ల మీద మంచులా చేరుతుంది. ఆ తేమే 175 డిగ్రీల దగ్గర ఆవిరై బుడగలు కడుతుంది. ఇదంతా అతనికి తెలుసు. "ముందురోజు సెలవు కదా సార్, సంచి బయట పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. పొద్దున్నే తీసి విప్పాం, లేకపోతే ప్రెస్ మర్నాటి దాకా ఖాళీగా ఉంటుంది" అన్నాడు.

ఇన్‌స్ట్రక్షన్ షీట్ నేను రాసిందే. '24 గంటల ముందు బయటపెట్టాలి' అని రాశాను. ఎవరు పెట్టాలో, సెలవు రోజు వస్తే ఏం చేయాలో రాయలేదు. అందరి ముందూ అతనిమీద అనుమానం పడింది కాబట్టి, అందరి ముందే ఆ షీట్ చూపించి తప్పు నాదని చెప్పాను.

ఊహ మీద ఆగకుండా సరిచూశాం. ఒకే లాట్ నుంచి రెండు సంచులు. ఒకటి 24 గంటలు బయట ఉంచి విప్పింది, ఇంకొకటి కోల్డ్ రూమ్ నుంచి తెచ్చి వెంటనే విప్పింది. అదే అచ్చు, అవే సెట్టింగ్‌లు, ఒక్కోదాంతో పది షాట్‌లు. రెండో సంచి పెల్లెట్ మీద వేలు పెడితే తడి తగిలింది. ఆ పార్ట్‌లు కోస్తే అవే మెరిసే గుండ్రటి బుడగలు. మొదటి సంచివాటిలో ఒక్కటి మాత్రం దొరికింది, అది కూడా బాబిన్‌ని ఆనుకుని.

ఆ ఒక్కటే నైలాన్ సంగతి చెప్పింది. నైలాన్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, వేడి తగలగానే వదులుతుంది. కాయిల్స్‌ని ఓవెన్‌లో పెట్టడం ఇక్కడే ఇంకో మేలు చేస్తోంది: మెటీరియల్ పారడానికి సాయంతో పాటు బాబిన్‌లోని తేమ కూడా పోతోంది. ఆ కాయిల్ ఓవెన్‌లో ఎంతసేపుందో రిజిస్టర్‌లో చూస్తే 20 నిమిషాలే. పైపైన వేడెక్కింది, ఆరలేదు. అప్పటినుంచి ఓవెన్‌లో కనీసం రెండు గంటలు అని మార్చాం. ఓవెన్ నుంచి తీసిన ఫ్రేమ్ ఐదు నిమిషాల్లో అచ్చులోకి వెళ్ళాలి.

సంచి విషయానికి ఇప్పుడు ఒక పలక ఉంది, కోల్డ్ రూమ్ తలుపు మీదే. బయటపెట్టిన తేదీ, గంట, పెట్టినవాళ్ళ సంతకం, విప్పదగిన గంట. సెలవు ముందురోజు రెండో షిఫ్ట్ ఇంటికి వెళ్ళేముందు సంచి బయటపెడుతుంది. అంటే విప్పేసరికి దాదాపు 32 గంటలు గది ఉష్ణోగ్రతలో ఉంటుంది. అది డేటా షీట్‌లో ఇచ్చిన గడువులోపలే, కానీ ఆ గంటలు కూడా మెటీరియల్ ఆయుష్షులోంచి పోయినవే కాబట్టి లెక్కలో రాస్తాం. అనుమానం వస్తే హాట్ ప్లేట్ మీద చిటికెడు పొడి వేసి, గరిటెలాంటి పల్చటి పుల్లతో సాగదీస్తూ స్టాప్‌వాచ్ చూస్తాం. ముందు ద్రవంలా మెరుస్తుంది, తర్వాత దారంలా సాగుతుంది, ఒక్కసారిగా దారం తెగి గుల్లగా విరుగుతుంది. ఆ విరిగే క్షణం 35 సెకన్ల దగ్గర కాకుండా 28 దగ్గరే వచ్చిందంటే ఆ సంచి పక్కన పెట్టేస్తాం. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, రెండు నిమిషాల పని.

ఇంకా మిగిలినవి

ఆ తర్వాత రెండు నెలలుగా రిజెక్ట్‌లు వెయ్యికి మూడు నాలుగు దగ్గర నిలబడ్డాయి. అలాగని అంతా అయిపోయిందని కాదు. గేట్ మందం పెంచినందుకు మేము చెల్లిస్తున్న మూల్యం ఒకటుంది. 0.6 మి.మీ. గేట్ చేత్తో వంచితే శుభ్రంగా విరిగేది. 1 మి.మీ. గేట్ విరిచినప్పుడు అప్పుడప్పుడు పార్ట్ అంచు నుంచి చిన్న పెచ్చు ఊడివస్తోంది. దానికి చిన్న ఫిక్స్చర్ చేసి, పార్ట్ వేడిగా ఉండగానే గేట్ కోస్తున్నాం. షాట్‌కి 20 సెకన్లు ఎక్కువ పడుతోంది. క్యూర్ 2 నిమిషాలు ఎలాగూ ఆగాలి కాబట్టి, ఆపరేటర్ ముందు షాట్ గేట్‌లని ఆ సమయంలో కోసేస్తాడు.

ఎనిమిదో క్యావిటీ హీటర్‌కి కాస్త దూరం. అక్కడ అచ్చు ఉపరితలం మిగతావాటికంటే నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. అచ్చు తెరిచిన వెంటనే షోర్ డి గేజ్‌తో గట్టిదనం చూస్తే అక్కడి పార్ట్ కొంచెం మెత్తగా తగులుతుంది. పోస్ట్ క్యూర్ ఓవెన్‌లో, అంటే అచ్చులోంచి తీశాక పార్ట్‌ని మళ్ళీ వేడి చేసేచోట, అది సరిపోతోంది గానీ, నాకది ఇష్టం లేదు. కొత్త కార్ట్రిడ్జ్ హీటర్ తెప్పిస్తున్నాం.

ఈ పార్ట్‌కి పెద్ద సైజు ఒకటి వస్తోంది, దానికి కొత్త అచ్చు గీస్తున్నారు. ఈసారి రన్నర్ పాట్ నుంచి అన్ని క్యావిటీలకీ సమాన దూరం ఉండేలా కొమ్మలుగా వేయించాం. వెంట్ ఎక్కడ పెట్టాలో మాత్రం డ్రాయింగ్‌లో గీయనివ్వలేదు. ముందు అచ్చు చేసి, 40 శాతం నుంచి షార్ట్ షాట్‌లు తీసి, గాలి చివరగా నిలిచేచోటు చూశాకే అక్కడ పిన్ రంధ్రం వేయమన్నాను. ఆ ట్రయల్ కోసం తెగిన కాయిల్స్ అరవై నాలుగు ఏరి, ఒక డబ్బాలో వేసి ప్రెస్ పక్కన పెట్టాను.